నీళ్లు తాగమంటే వాళ్లు ఎందుకు నవ్వారు: పారిశుద్ధ్యం చూసే ఒక నగర అధికారిణి కేస్ స్టడీ

నేను తిరుపతిలో ఉంటూ పదిహేనేళ్లకు పైగా పట్టణ స్థానిక సంస్థల్లో పనిచేసే మహిళలకు, అంటే ఎన్నికైన సభ్యులకూ ఉద్యోగులకూ కూడా, నాయకత్వ శిక్షణ ఇస్తున్నాను. తరగతులు మూడు రోజుల్లో అయిపోతాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది: వాళ్లు తమ కుర్చీల్లోకి తిరిగి వెళ్లాక నెలకు ఒకటి రెండుసార్లు కలిసి, జరిగినదాన్ని విడమరచి చూసుకుంటాం. ఇక్కడ రాస్తున్నది అలా ఒక అధికారిణితో ఏడాదిన్నర పాటు సాగిన పని. ఊరి పేరు చెప్పను. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఊరు చెబితే మనిషిని చెప్పినట్టే అవుతుంది. హోదాను, కాలాన్ని, కొన్ని అంకెలను మార్చాను. అధికారిణీ, ఇందులో కనిపించే కార్పొరేటరూ చదివి ఒప్పుకున్నారు. కార్మికుల్లో ముగ్గురికి నేనే చదివి వినిపించాను.

నేపథ్యం

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చి పట్టణ సంస్థల్లో మూడో వంతు స్థానాలకు తగ్గకుండా మహిళలకు కేటాయించింది. మన రాష్ట్రం తర్వాత దాన్ని సగానికి పెంచింది. 2021 మార్చి ఎన్నికల తర్వాత తిరుపతికీ చిత్తూరుకూ కూడా మహిళలే మేయర్లయితే ఇక్కడ ఎవరికీ అది వింతగా తోచలేదు. అయితే కౌన్సిల్ హాలులో సగం కుర్చీల్లో స్త్రీలు కూర్చున్నంత మాత్రాన, తెల్లవారకముందే వీధి ఊడ్చే స్త్రీకీ ఆమె హాజరు చూసే కార్యాలయానికీ మధ్య నడిచే వ్యవహారం తనంతట తాను మారదు. నగరపాలనలో పై కుర్చీకి స్త్రీలు ఈమధ్యే వచ్చారు. అన్నిటికంటే కింద ఉన్న చీపురు దగ్గర మాత్రం మొదటినుంచీ వాళ్లే ఉన్నారు. ఈ కేసు ఆ రెండు చివరల మధ్య జరిగింది.

మానవీయ నాయకత్వం అన్న మాటను మా తరగతుల్లో తరచుగా వాడతాం. మనిషిని పనిముట్టుగా కాక మనిషిగా చూడటమే మానవీయ నాయకత్వమని నేనే బోర్డు మీద రాసేదాన్ని. ఆ వాక్యానికి కాదన్న మనిషి ఈ పదిహేనేళ్లలో ఒక్కరూ తగల్లేదు. రోజుకు ఇరవై మందికి సగం జీతం కోసే ఇన్‌స్పెక్టరు కూడా తల ఊపి నోట్సులో రాసుకుంటాడు. అందరూ అంత సులువుగా ఒప్పుకునే వాక్యం ఎవరి చేతా ఏ పనీ చేయించదని నాకు ఈ కేసులోనే అర్థమైంది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

అధికారిణికి అప్పటికి నలభై దాటాయి. చాలా ఏళ్లు రెవెన్యూ, ఇంటిపన్ను పనులు చూసి, ఈ ఊరికి వచ్చాక పారిశుద్ధ్యం బాధ్యత కూడా నెత్తిన పడిన మనిషి. ఆమెకు ముందు ఆ పని చూసినాయనకు మస్టర్ (కార్మికుల హాజరు వేసే చోటు) దగ్గరికి జీపులో వచ్చి కేకలేస్తాడని పేరు. ఈమె గొంతెత్తి మాట్లాడదు. నాలుగు నెలలు గడిచేసరికి ఒక సర్కిల్‌లో హాజరు పడిపోయింది. అక్కడ 60 మంది దాకా వీధులు ఊడ్చేవాళ్లు ఉంటే వాళ్లలో నలభై మందికి పైగా స్త్రీలు. ఉదయం ఐదున్నరకు మస్టర్ పాయింట్ దగ్గర ఒకసారి, పని ముగిశాక పదకొండుకు మరోసారి ఫోనుకు ముఖం చూపించాలి. రెండోసారి ముఖం పడకపోతే ఆ రోజు సగమే లెక్క. ఈ రెండో హాజరే పడటం లేదు. బజారులో దుకాణదారులు ఫిర్యాదు చేశారు. సమీక్షా సమావేశంలో ఆ సర్కిల్ పేరు వరుసగా మూడు వారాలు ఎర్ర రంగులో కనబడింది.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన వివరణ క్లుప్తంగా ఉంది. ఆడవాళ్లు తొమ్మిది కాగానే ఇళ్లకు పోతున్నారని, ఎండలు ముదిరితే సెలవులు ఇంకా పెరుగుతాయని, మొత్తంమీద భయం పోయిందని ఆయన చెప్పారు. ఆమె నా దగ్గరికి తెచ్చింది హాజరు సమస్యను కాదు, ఆ చివరి మాటను. "నేను మెతకగా ఉన్నందుకే ఇలా అవుతోందా?" అని అడిగారు.

ఇక్కడ మొదటి తప్పు నాదే. ఈ ప్రశ్నను నేను చాలామంది మహిళా అధికారుల నోట విన్నాను. గట్టిగా మాట్లాడితే గయ్యాళి, మెల్లగా మాట్లాడితే చేతకానిది అనిపించుకునే ఇరుకు వాళ్లందరికీ తెలుసు. కాబట్టి ప్రశ్న వినగానే నా దగ్గర తయారుగా ఉన్న పాఠం బయటికి తీశాను. సమీక్షలో మాట ఎలా నిలబెట్టుకోవాలి, ఎదుటివాళ్లు మాట తెంచితే ఎలా తిరిగి అందుకోవాలి, హెచ్చరిక చేసేటప్పుడు గొంతు ఎలా ఉండాలి అన్నవి రెండు సిట్టింగుల్లో సాధన చేయించాను. ఆమె చక్కగా నేర్చుకున్నారు. సమీక్షల్లో పరువు దక్కింది, హాజరు మాత్రం అలాగే ఉంది. సమస్య ఆమె స్వభావంలో ఉందని ఇన్‌స్పెక్టర్ అన్నమాటను నేను తరచి చూడకుండానే ఒప్పేసుకున్నాను. ఆయనకూ నాకూ తేడా అల్లా, ఆయన దాన్ని నిందగా చెప్పారు, నేను చికిత్సగా చెప్పాను.

మొదటి ప్రయత్నాలు, అవి ఎక్కడ బెడిసికొట్టాయి

మెమోలు ఇవ్వడానికి ఆమె మనసు ఒప్పలేదు. గైర్హాజరైన వాళ్లను ఒక్కొక్కరినీ కార్యాలయానికి పిలిచి నెమ్మదిగా కారణం కనుక్కోవాలని అనుకున్నాం. ఆలోచన నాకు కూడా నచ్చింది. పదకొండు మందిని పిలిచారు. పదకొండు మందీ ఒకటే మాట చెప్పారు: "ఒంట్లో బాగలేదు మేడం." తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు, కుర్చీ చూపించినా ఎవరూ కూర్చోలేదు, పైగా కార్యాలయానికి రావడంతో ఆ రోజు మరో సగం పోయింది. ఎంత మెత్తగా అడిగినా, పిలిపించుకుని అడగడాన్ని వాళ్లు విచారణ కిందే జమ కట్టుకున్నారు.

రెండో ప్రయత్నం ఆమె సొంతంగా చేసినది. తన ఫోను నంబరు అందరికీ ఇచ్చి, ఇబ్బంది ఉన్న రోజు నాకు నేరుగా చెప్పండి, నేను చూసుకుంటాను అన్నారు. ఈ ఏర్పాటు మూడు వారాలు నడిచింది. అది ఎలా చెడిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్న అధికారులు ఎక్కువగా బోర్లాపడేది ఇక్కడే.

మొదటి వారం ఫోన్లు నేరుగా వచ్చాయి. రెండో వారానికి, చదువు రానివాళ్లు, ఫోనులో బ్యాలెన్సు లేనివాళ్లు మేస్త్రి చేత చెప్పించుకోవడం మొదలుపెట్టారు. అంటే మేడం ఇచ్చే అనుమతి మేస్త్రి చేతిలోకి వెళ్లింది. ఆయనకు కావలసినవాళ్లకు దొరికింది, ఆయనతో మాటలు లేనివాళ్లకు దొరకలేదు. మస్టర్ దగ్గర "మేడం మనుషులు" అన్న మాట పుట్టింది. మూడో వారంలో ఆమె రెండు రోజుల సమావేశానికి విజయవాడ వెళ్లారు, ఫోను ఎత్తలేకపోయారు. అంతకుముందు రోజు ఆమె నోటి మాటగా సరేనన్న ముగ్గురికి గైర్హాజరు పడింది. తిరిగివచ్చాక సరిచేయబోతే యాప్‌లో పాత తేదీ మార్చడానికి వీలు లేదు. ఆ ముగ్గురిలో ఒకామె ఆ తర్వాత ఆమెతో మాట్లాడనేలేదు. కేకలేసిన అధికారి మీద వాళ్లకు ఆశ ఉండేది కాదు కాబట్టి కోపమూ ఉండేది కాదు. ఈమె మీద ఆశ పెట్టుకున్నారు, దాంతో దెబ్బ గట్టిగా తగిలింది.

మూడోది వైద్య శిబిరం. ఒంట్లో బాగలేదన్న మాటనే నిజమనుకుని, పట్టణ ఆరోగ్య కేంద్రంలో పని వేళలోనే శిబిరం పెట్టించారు. బీపీ చూశారు, చక్కెర చూశారు, రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు ఐరన్ మాత్రలు ఇచ్చారు. చాలామంది మూత్రంలో మంట అని చెప్పడంతో లేడీ డాక్టరు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, రోజుకు కనీసం మూడు లీటర్ల నీళ్లు తాగాలని, ఎండలో పనిచేసేవాళ్లు ఇంకా ఎక్కువ తాగాలని చెప్పారు. అప్పుడు వెనక వరుసలో ఒక పెద్దామె నవ్వింది. పక్కనున్నవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరు పట్టించుకోలేదు. అధికారిణి చూశారు.

ఆ సాయంత్రం నాకు ఫోను చేసి హాజరు గురించి గానీ శిబిరం గురించి గానీ ఏమీ చెప్పకుండా, "నీళ్లు తాగమంటే వాళ్లు ఎందుకు నవ్వారు?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నా దగ్గర పాఠం లేని ప్రశ్న ఆమె అడగడం అదే మొదటిసారి.

మలుపు

వీధిలోకి వెళ్లి చూడాలన్న నిర్ణయం తేలికే. ఎలా వెళ్లాలన్నదాని మీద మేము ఒక పూటంతా మాట్లాడుకున్నాం. అధికారి వీధిలోకి వస్తే దానికి తనిఖీ అనే పేరు ముందే ఉంది. జీపు వస్తే మేస్త్రి పరుగెత్తుకొస్తాడు, ఫోను తీస్తే ఫొటో అనుకుంటారు, ప్రశ్న అడిగితే ఒంట్లో బాగలేదన్న జవాబే మళ్లీ వస్తుంది. అందుకని నాలుగు రోజులు వరుసగా, జీపు లేకుండా, ఇన్‌స్పెక్టర్‌కు ముందుగా చెప్పే, కానీ ఆయన్ను రావద్దని చెప్పి, ఒకే బీట్‌లో, అంటే ఊడ్చడానికి ఒక జట్టుకు అప్పగించిన వీధుల్లో, ఆడవాళ్ల వెనక నడవాలని, మొదటి రెండు రోజులు ఏమీ అడగకూడదని అనుకున్నాం. ఇన్‌స్పెక్టర్‌కు చెప్పకుండా వెళ్లడం మంచిదా అన్న చర్చ కూడా వచ్చింది. చెప్పకుండా వెళ్తే ఆయన మీద నిఘా పెట్టినట్టవుతుంది, ఆ కోపం చివరికి ఆడవాళ్ల మీదికే తిరుగుతుంది. కాబట్టి చెప్పి వెళ్లడమే నయమని తేల్చుకున్నాం.

మొదటి రెండు రోజులు వాళ్లు బిగుసుకుపోయి మామూలు కంటే శుభ్రంగా ఊడ్చారట. మూడో రోజు ఎనిమిదయ్యేసరికి అవసరం అధికారిణికే వచ్చింది. బజారు వీధి. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఎవరిని అడగాలో తెలియక పెద్దామెను అడిగారు. ఆమె చీపురు గోడకు ఆనించి, వెనక సందులో ఒక ముసలామె ఇంటికి తీసుకెళ్లింది. తిరిగి వస్తూ అధికారిణి, మీరందరూ ఇక్కడికే వస్తారా అన్నారు. పెద్దామె చెప్పిన జవాబు ఆమె నాకు అదే యాసలో చెప్పారు:

"ఆయమ్మ ముగ్గురినే రానిస్తాది మేడం. మిగతావోళ్లు బిగబట్టుకోవాల్సిందే. నీళ్లు తాగితే పొయ్యేదానికి చోటు యాడుండాది? అందుకే ఇంట్లో ఒక గలాసు కాఫీ తాగి వస్తాము, మళ్లా ఇంటికి పొయ్యినాకే నీళ్లు."

ఆ బీట్‌లో డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి ఒకటి ఉంది. ఒకసారికి ఐదు రూపాయలు. రోజుకు రెండుసార్లు వెళ్తే పది, నెలకు 26 పనిదినాలకు 260 రూపాయలు. డబ్బు కంటే ఎక్కువగా వాళ్లను దూరం పెట్టింది అక్కడి కాపలాదారు మాట. చీపురు బయట పెట్టి రమ్మంటాడు, బయట పెట్టిన చీపురు ఒకసారి పోయింది, కొత్త చీపురు ఎప్పుడిస్తారో తెలియదు. అందుకని తొమ్మిదయ్యేసరికి ఇల్లు దగ్గరున్నవాళ్లు ఇంటికి పరుగెత్తేవాళ్లు. వెళ్లాక పొయ్యి మీద ఏదో ఒక పని, నడిచి తిరిగి వచ్చేసరికి పదకొండు దాటేది, రెండో హాజరు పోయేది. నెలసరి రోజుల్లో అసలు రానేవాళ్లు కాదు. ఎండాకాలంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పడుకునేవాళ్లు. ఇన్‌స్పెక్టర్ నివేదికలో ఉన్న ప్రతి వాక్యమూ నిజమే. ఆడవాళ్లు తొమ్మిదికే పోతున్న మాట నిజం, ఎండల్లో సెలవులు పెరిగే మాట నిజం. భయం సంగతే ఆయన పొరబడ్డారు. రోజుకు సగం జీతం పోతుందన్న భయం వాళ్లకు నిండుగా ఉంది, కానీ కడుపు కింది నొప్పి దానికంటే పెద్దది.

ఏం చేశారు, ఎందుకలా చేశారు

మరుగుదొడ్డి కట్టిద్దామన్నది అందరికీ ముందు తోచే మాట. స్థలం, అంచనా, టెండరు, బిల్లు అంటూ అది ఏడాది పైమాట. ఆ దారి మూసేయకుండా ప్రతిపాదన పెట్టి, రేపటికి ఏముందని ఆలోచించారు. ఆ డివిజన్ కార్పొరేటర్ ఒక మాట అందించారు. 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి కదా, ప్రతిదాంట్లో మరుగుదొడ్డి ఉంది, అది పది గంటలకు కార్యాలయం తెరిచేదాకా తాళంలో ఉంటుంది, తాళంచెవి ఉదయం ఐదున్నరకే ఇస్తే సరిపోతుంది కదా అని. ఆమె పొదుపు సంఘాల సమాఖ్యలో లెక్కలు రాసి పైకి వచ్చిన మనిషి. ఊళ్లో ఏ తాళం ఎవరి దగ్గరుంటుందో ఆమెకు తెలుసు.

ఈ కార్పొరేటర్ గురించి ఒక్క మాట. ఆమెకు వచ్చే ఫోన్లన్నీ భర్తే ఎత్తేవారు. దానిమీద నేను తరగతుల్లో చెప్పిన పాఠాలు ఆమె విన్నారు, నవ్వారు, వదిలేశారు. ఈ విషయంలో మాత్రం ఆడవాళ్లు ఆయనతో చెప్పుకోలేరు కాబట్టి, సంఘం పని కోసమని ఇంట్లో చెప్పి మరో ఫోను తీసుకున్నారు. ఆ ఫోను తర్వాత ఆమె దగ్గరే ఉండిపోయింది, డివిజన్ పనులన్నీ మెల్లగా దానికే రావడం మొదలయ్యాయి. నా మూడేళ్ల పాఠాలు చేయలేని పని అది చేసింది.

తాళంచెవుల దగ్గర అభ్యంతరాలు వచ్చాయి. సచివాలయ సిబ్బంది కంప్యూటర్లు పోతాయని భయపడ్డారు. అది న్యాయమైన భయమే. మరుగుదొడ్డికి బయటినుంచి వేరే తలుపు ఉన్న భవనాలను మాత్రమే మొదట ఎంచుకున్నారు. మూడు దొరికాయి. రెండిటి యజమానులు సరేనన్నారు. మూడో అద్దె భవనం యజమాని నీళ్లు చాలవన్నారు, మోటారు పాతదన్నారు, వీధిలో వాళ్లు ఏమనుకుంటారో అన్నారు. అసలు కారణం కులమని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని నిర్ణయం ఇదే. ఆ మాటలను ఫైలులో రాయించాలని నేనన్నాను. రాస్తే చట్టం ఉంది, కేసవుతుంది, యజమాని అద్దె ఒప్పందం రద్దు చేసుకుంటాడు, వీధి మొత్తం ఆ ఆడవాళ్ల మీదికి తిరుగుతుంది, రేపు ఉదయం ఆ వీధి ఊడ్చాల్సింది మనం కాదు అని అధికారిణి అన్నారు. మేమిద్దరం తేల్చడం కాదు, ఆ ఆడవాళ్లనే అడుగుదామనుకున్నాం. "మాకు గొడవొద్దు మేడం, తలుపు కావాల" అన్నారు. పక్క వీధిలో మునిసిపల్ పాఠశాల మరుగుదొడ్డిని మాట్లాడారు. అద్దె భవనం ఒప్పందం ఆ ఏడాది చివర పొడిగింపుకు వచ్చినప్పుడు, సంస్థ సిబ్బందీ కార్మికులూ అందరూ అక్కడి సౌకర్యాలు వాడుకోవచ్చన్న షరతు ఆమె చేర్పించారు. యజమాని సంతకం పెట్టాడు. అయినా ఆ గుమ్మం దగ్గర అవమానం అవమానంగానే మిగిలిపోయిందన్నది నా అభిప్రాయం. తలుపు దొరికింది కదా అన్నది ఆమె అభిప్రాయం.

రెండో భాగం సమయం. మరుగుదొడ్డి ఉంటే చాలదు, పని మధ్యలో వెళ్లడానికి వాళ్లకు హక్కు ఉండాలి. ఎనిమిది గంటలకు ఇరవై నిమిషాల విరామం పెట్టి, దాన్ని పనివేళలోనే లెక్కించాలని ఆమె ప్రతిపాదించారు. ఇన్‌స్పెక్టర్ వ్యతిరేకించారు: నలభై మంది ఇరవై నిమిషాలు కూర్చుంటే ఒక వీధి మిగిలిపోతుందన్నారు. ఈ లెక్కను ఆమె తోసిపుచ్చలేదు. ఆయన్నీ, మేస్త్రినీ, పెద్దామెతో పాటు నలుగురు స్త్రీలనూ పాఠశాల వరండాలో కింద చాప వేసి కూర్చోబెట్టి, బీట్ పటం మధ్యలో పెట్టారు. కూరగాయల మార్కెట్ వీధిని ఉదయం ఆరుకు ఊడిస్తే ఏడున్నరకు లారీలు దిగి మళ్లీ చెత్త అవుతుందని, ఒకే వీధిని రోజూ రెండుసార్లు ఊడుస్తున్నామని వాళ్లు చెప్పారు. ఇది ఏళ్లుగా వాళ్లకు తెలిసిన సంగతి. అడిగినవాళ్లు లేరు, కాబట్టి చెప్పలేదు. ఆ వీధిని విరామం తర్వాతకు మార్చితే ఇరవై నిమిషాలూ అక్కడే కలిసొచ్చాయి.

కొత్త బీట్ పట్టికను ఇన్‌స్పెక్టర్ చేతే గీయించి, ఆయన పేరు మీదే సమీక్షలో పెట్టించారు. ఆయన ఘనత కాదు కదా అని నాకు మొదట గుచ్చుకుంది. కానీ రోజూ ఉదయం ఐదున్నరకు అక్కడ నిలబడేది ఆయనే. తన పట్టికను తానే చెడగొట్టుకోడు కదా, అన్నది ఆమె లెక్క. అది సరైన లెక్కే.

మూడోది కాగితం. ఫోను నంబరు ఇచ్చినప్పుడు జరిగినదాన్ని ఆమె మరచిపోలేదు. ఈసారి నోటి మాట ఒక్కటీ వద్దన్నారు. కార్మికులు 2020 నుంచి ఆప్కాస్ (పొరుగు సేవల సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ద్వారా జీతం తీసుకుంటున్నారు కాబట్టి వాళ్ల సౌకర్యాలు మన పని కాదన్న వాదన కార్యాలయంలో వినిపించింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో కార్మికులకు ఇవ్వాల్సిన రక్షణ సామగ్రి పేరుపేరునా ఉండేది: యూనిఫాం, మెరిసే జాకెట్టు, గ్లౌజులు, రెయిన్‌కోటు, చెప్పులో బూట్లో, మాస్కు. ఆ వాక్యంలో మరుగుదొడ్డి లేదు. ఆమె అప్పటికి అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం తీశారు. 18వ సెక్షన్‌లో తాగునీరు, మరుగుదొడ్లు, కడుక్కునే ఏర్పాట్లు అన్న మాటలు ఉన్నాయి. కాంట్రాక్టరు ఏర్పాటు చేయకపోతే ఆ భారం పని చేయించుకునే ముఖ్య యజమానిదని 20వ సెక్షన్ అంటుంది. జీతం ఏ ఖాతా నుంచి వచ్చినా వీధి మనది, పని మనది అని నోట్‌లో రాసి, తాళంచెవులకు, విరామానికి, డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డిలో గుర్తింపు కార్డు చూపితే కార్మికులకు ఉచితం అన్నదానికి విడివిడిగా ఉత్తర్వులు తెప్పించారు. ఒకే ఉత్తర్వుగా ఉంటే ఒక్క అభ్యంతరంతో మూడూ ఆగిపోతాయని ఆమె ముందుచూపు.

కౌన్సిల్‌లో తీర్మానాన్ని కార్పొరేటర్ చదివారు. మరుగుదొడ్డి అన్న మాట రాగానే వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. ఆమె కాగితం దించి, నవ్వు ఆగేదాకా నిలబడి, అదే వాక్యం మొదటినుంచి మళ్లీ చదివారు. ఇలా నిలబడమని నేను నేర్పలేదు. సంఘం సమావేశాల్లో అప్పు కట్టనివాళ్ల పేర్లు చదివేటప్పుడు అలవాటైందని తర్వాత చెప్పారు.

మూడో నెలకు ఆ సర్కిల్‌లో రెండో హాజరు దాదాపు సర్దుకుంది. మొదటి హాజరులో సెలవులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. పిల్లల జ్వరాలు, తాగివచ్చే భర్తలు, దూరపు కాలనీల నుంచి నడిచి రావడం లాంటివాటికి మరుగుదొడ్డి మందు కాదు.

నేను నేర్చుకున్నది

ఈ కేసును మా తరగతుల్లో చెప్పినప్పుడు చాలామంది దాన్ని దయగల అధికారి కథగా వింటారు. ఆమె దయ మొదటి రోజునుంచీ ఉంది, ఫోను నంబరు ఇచ్చినప్పుడు ఇంకా ఎక్కువగా ఉంది, అప్పుడే పని చెడింది. అప్పుడు అది ఒక మనిషి దగ్గర అడిగి తెచ్చుకోవాల్సిన మేలు. మధ్యలో మేస్త్రి దానికి సుంకం వసూలు చేశాడు. పట్టికలో ఉదయం ఎనిమిదింటికి విరామం అని అచ్చయ్యాక ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ రోజునుంచి ఆమె వాళ్లకు ముందంత దగ్గరగా కూడా లేరు, దానికి ఆమె కొంచెం బాధపడ్డారు కూడా. మీ అవసరం తగ్గడమే మీ పని ఫలించడం కాదా అని నేనంటే, "అది తెలుసు, అయినా" అని ఊరుకున్నారు.

స్త్రీ అధికారి కాబట్టే ఇది జరిగిందా అని నన్ను అడుగుతుంటారు. మూడో రోజు ఎనిమిదింటికి ఆ అవసరం ఆమె శరీరానికి వచ్చింది కాబట్టి తెలిసింది. ఆ మాట కాదనలేను. కానీ అంతకు ముందు నాలుగు నెలలు కూడా ఆమె స్త్రీనే. కార్యాలయంలో కూర్చున్నంత కాలం ఆమెకు, ఆమెకు సలహా చెప్పే నాకు కూడా, తెలియనేలేదు. నా గదిలో మరుగుదొడ్డి ఉంది, ఆమె గదిలో ఉంది. మంచినీళ్ల సీసా ఇద్దరి ముందూ ఉంది.

నా పనిలో మార్చుకున్నది ఒక్కటే: నేను మెతకా అన్న ప్రశ్నతో ఎవరైనా వస్తే, స్వభావం గురించి మాట్లాడే ముందు ఆ మాట మొదట ఎవరన్నారో, ఏ లెక్క చూసి అన్నారో అడుగుతున్నాను.

ఇప్పటి పరిస్థితి

ఆమెకు బదిలీ అయింది. తాళంచెవుల ఉత్తర్వు నిలిచింది. సచివాలయాల వాళ్లకు అది అలవాటైపోయింది, ఒక చోట నకలు తాళంచెవి పెద్దామె నడుముకే వేలాడుతోంది. ఉదయం ఎనిమిదింటి విరామాన్ని తర్వాత మరో రెండు సర్కిళ్లకు కూడా విస్తరించారు గానీ, అక్కడ పట్టికలు కొత్తగా అచ్చు వేయకుండా నోటి మాటగా చెప్పారు. అధికారి మారిన రెండు నెలలకు ఆ రెండు చోట్లా పోయింది. మొదటి సర్కిల్‌లో ఉంది.

రాత్రి వేళ పని మాత్రం తేలలేదు. గంగమ్మ జాతర ఈ ప్రాంతంలో చాలా ఊళ్లకు ఉంది, ఆ వారం రాత్రంతా జనం ఉంటారు, రాత్రంతా ఊడ్చేవాళ్లూ ఉంటారు. సచివాలయం దారులకు జనం అడ్డం, పాఠశాలకు వేసవి సెలవులు, కాపలా మనిషి ఊరెళ్లి ఉంటాడు. గడిచిన జాతరలో కార్పొరేటర్ తన ఇంటి బయటి బాత్రూము తెరిచిపెట్టారు. అది మళ్లీ ఒక మనిషి చేసే మేలు దగ్గరికే వచ్చింది. ఆమెకూ ఆ సంగతి తెలుసు, వచ్చే ఏడాదికి ఉత్తర్వు తెప్పిస్తానంటున్నారు.

ఈ కేసు చదివి వినిపించినప్పుడు పెద్దామె చివరిదాకా విని ఒక్క చోట సరిదిద్దింది. గుర్తింపు కార్డు చూపినా కాపలావాడు ఇప్పటికీ అప్పుడప్పుడు డబ్బులు అడుగుతాడని, మామూలు రోజుల్లో ఐదు, పండగ రోజుల్లో పది అని, అది కూడా రాయమని చెప్పింది.